ఐదు వేల డాలర్లలో కుటుంబానికి తగిన తెరచాప పడవ: ఏది కొనాలి, ఎలా సిద్ధం చేసుకోవాలి?

గాలివాటు · డాలస్

సభ్యులందరికీ నమస్కారం. మేము డాలస్ నగరానికి ఉత్తరాన ఉంటున్నాం. ఇంట్లో నేను, నా భార్య, పదకొండేళ్ల అబ్బాయి, ఎనిమిదేళ్ల అమ్మాయి. కిందటి ఏడాది లూయిస్‌విల్ సరస్సు మీద మేమిద్దరం సెయిలింగ్‌లో ప్రాథమిక శిక్షణ పూర్తి చేశాం. పిల్లలు కూడా వేసవి శిబిరంలో సన్‌ఫిష్ పడవ మీద చుక్కాని పట్టడం నేర్చుకున్నారు. అద్దె పడవ దొరికిన రోజున గాలి ఉండదు, గాలి ఉన్న రోజున పడవ దొరకదు కాబట్టి ఇక సొంతంగా ఒకటి కొనుక్కోవాలని నిర్ణయానికి వచ్చాం.

ఇందుకోసం మేము పక్కన పెట్టుకున్న డబ్బు ఐదు వేల డాలర్లు. పడవ, ట్రైలర్ (పడవను బండి వెనక కట్టి లాగే చక్రాల చట్రం), మోటారు, మొదటి ఏడాది చేయవలసిన మరమ్మతులు అన్నీ అందులోనే ఇమడాలి. ఎక్కువగా పగటిపూట తిరిగి వస్తాం గానీ, అప్పుడప్పుడు ఒక రాత్రి పడవలోనే పడుకోవాలని పిల్లల కోరిక. ప్రస్తుతం రెండు పడవలు దృష్టిలో ఉన్నాయి. మొదటిది 1976 నాటి కాటలీనా 22, కీల్‌ను (పడవ నిలకడ కోసం అడుగున ఉండే బరువైన పలకను) పైకి లేపుకోగలిగిన రకం; ట్రైలర్‌తో సహా 1,800 డాలర్లు అడుగుతున్నారు. రెండవది ఫ్లయింగ్ స్కాట్, 3,200 డాలర్లు. మా బండి మినీవ్యాన్. అది 3,500 పౌండ్ల వరకు లాగగలదని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. ఈ రెండింటిలో మాకు ఏది తగినది? చూడటానికి వెళ్ళినప్పుడు ఏయే భాగాలను పరీక్షించాలి? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

సరంగు · హ్యూస్టన్

గాలివాటు గారూ, స్వాగతం. మీరు బడ్జెట్‌లో మరమ్మతులను కూడా కలిపి లెక్క వేసుకోవడం చాలా మంచి పని. పాత పడవకు అడిగే ధర దాని అసలు ఖరీదులో ఒక భాగం మాత్రమే. 1,800 డాలర్ల పడవను, అదే రకానికి చెందిన 3,500 డాలర్ల పడవను పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు రెండవదే చవక పడుతుంది, ఎందుకంటే పాత యజమాని కొత్త తెరచాపలకు, తెరచాప స్తంభాన్ని నిలబెట్టి ఉంచే ఉక్కు తీగలకు, టైర్లకు పెట్టిన ఖర్చులో సగం కూడా అమ్మేటప్పుడు ఆయన చేతికి తిరిగి రాదు. ఆ తేడా కొనేవారికి మిగులుతుంది. కాబట్టి రకం ఏదైనా సరే, ఎవరో ఒకరు శ్రద్ధగా చూసుకుంటూ వచ్చిన పడవను వెతకండి.

కాటలీనా 22 గురించి చెప్పాలంటే, మొదటి కుటుంబ పడవగా దానికి సాటి వచ్చేవి అమెరికాలో తక్కువ. ఫ్రాంక్ బట్లర్ రూపొందించిన ఈ పడవ 1970 నాటి నుంచి పదిహేను వేలకు పైగా తయారైంది. అన్ని ఉండటం వల్ల దీనికి కావలసిన ప్రతి చిన్న సామానూ ఈనాటికీ దొరుకుతుంది. పొడవు 21 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు, బరువు సుమారు 2,250 పౌండ్లు. కీల్ పైకి లేపితే రెండడుగుల నీళ్ళలో తేలుతుంది, దించితే ఐదడుగులు కావాలి.

అయితే ఆ కీల్‌ను మాత్రం జాగ్రత్తగా చూడాలి. అది 550 పౌండ్ల బరువున్న పోత ఇనుప ముక్క. ముందు కొస ఒక కడ్డీ మీద వేలాడుతుంది, వెనక కొసను ఒక ఉక్కు తీగ వించ్ (పిడితో తిప్పే చుట్టుయంత్రం) సాయంతో లేపుతుంది, దించుతుంది. ఆ తీగ నీళ్ళలో ఉంటుంది, కంటికి కనిపించదు. కీల్ పైకి లేపి ఉన్న సమయంలో అది తెగితే మొత్తం బరువు ఒక్కసారిగా కిందికి ఊగి పడవ అడుగును దెబ్బతీయగలదు. అందుకని తీగను, కడ్డీని, కడ్డీని పట్టి ఉంచే ఆధారాలను చివరిసారి ఎప్పుడు మార్చారని అడగండి. సమాధానం స్పష్టంగా రాకపోతే అవి అసలు మార్చనట్టే లెక్క వేసుకోండి.

ఇక బరువు సంగతి. పడవ 2,250 పౌండ్లు అయినా ట్రైలర్ మరో వెయ్యి ఉంటుంది. మోటారు, బ్యాటరీ, లంగరు, తెరచాపలు, కూలర్ కలిపితే మొత్తం 3,500 దాటుతుంది. మీ మినీవ్యాన్‌తో దాన్ని రహదారి మీద లాగడం గానీ, తడిసిన ర్యాంపు మీద నీళ్ళలోంచి పైకి లాగడం గానీ సమంజసం కాదు.

చుక్కాని · సౌతాంప్టన్

నేను వేరే కోణం నుంచి మాట్లాడతాను. కొత్తగా నేర్చుకున్న కుటుంబానికి కీల్ లేని తేలికపాటి పడవే మొదటి మెట్టు అని నా నమ్మకం. డింగీలో, అంటే అలాంటి చిన్న పడవలో, గాలి మారగానే ఒంటికి తెలుస్తుంది, తప్పుగా కూర్చుంటే పడవ వెంటనే చెబుతుంది. కాటలీనా వంటి బరువైన పడవ మన పొరపాట్లను ఓర్చుకుంటుంది, కాబట్టి అవి ఎప్పటికీ దిద్దుకోకుండానే మిగిలిపోతాయి.

మా దేశంలో ఈ అవసరానికి వేఫేరర్ అనే పడవను వాడతారు. ఇయాన్ ప్రాక్టర్ 1957లో రూపొందించిన ఈ పడవ పొడవు 15 అడుగుల 10 అంగుళాలు. ఫ్రాంక్ డై దీనిలోనే 1963లో స్కాట్లాండ్ నుంచి ఐస్‌లాండ్‌కు, మరుసటి ఏడాది నార్వేకు వెళ్ళారు. ఆయన చేసినది అందరూ చేయమని చెప్పడం లేదు, క్యాబిన్ లేని పడవ కూడా ఎంత సమర్థమైనదో చూపడానికి చెబుతున్నాను. మీరు చూస్తున్న ఫ్లయింగ్ స్కాట్ కూడా వేఫేరర్ లాగే 1957లో గోర్డన్ డగ్లస్ చేతిలో పుట్టింది. 19 అడుగుల పొడవు, 850 పౌండ్ల బరువు, సెంటర్‌బోర్డు (పడవ మధ్యలోంచి నీళ్ళలోకి దించే పలక) లేపితే ఎనిమిది అంగుళాల నీళ్ళు చాలు. మీ మినీవ్యాన్ దాన్ని హాయిగా లాగుతుంది. రాత్రి ఒడ్డున గుడారం వేసుకుంటే పిల్లలకు ఆ సరదా కూడా తీరుతుంది.

నీలివల · మిచిగన్

చుక్కాని గారి మాటలో నిజం ఉంది, కానీ ఆయన ఇంగ్లండ్ వాతావరణం నుంచి మాట్లాడుతున్నారు. నేను మిచిగన్‌కు రాక ముందు టెక్సాస్‌లో కొన్నేళ్ళు ఉన్నాను. జూలైలో అక్కడ ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. ఎనిమిదేళ్ల పాపను నీడ లేని పడవలో మూడు గంటలు కూర్చోబెడితే ఆమెకు సెయిలింగ్ అంటేనే విముఖత కలుగుతుంది. పిల్లలతో వెళ్ళే పడవలో నీడ, పడుకోవడానికి చోటు, తలుపు వేసుకోగలిగిన చోట ఒక చిన్న పోర్టబుల్ టాయిలెట్, ఈ మూడూ ఉంటే ఇంట్లో అందరూ మళ్ళీ మళ్ళీ రావడానికి ఇష్టపడతారు. ఇవి విలాసాలు అని చాలామంది మగవాళ్ళు అనుకుంటారు. నా అభిప్రాయంలో పడవ ఏడాదంతా వాడుకలో ఉంటుందా, ట్రైలర్ మీద నిద్రపోతుందా అన్నది ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఫ్లయింగ్ స్కాట్ మంచి పడవే. సులభంగా తిరగబడదు. కానీ పూర్తిగా తలకిందులైతే వేరొక పడవ సాయం లేకుండా దాన్ని నిలబెట్టి నీళ్ళు తోడడం ఇద్దరు పెద్దవాళ్ళకు, ఇద్దరు పిల్లలకు కష్టం. కాటలీనాలో అంత అపాయం ఉండదు.

బండి బరువు సమస్యకు ఒక మార్గం ఉంది. చాలా సరస్సుల దగ్గర క్లబ్బులు, మెరీనాలు స్తంభం నిలబెట్టి ఉంచిన పడవను ట్రైలర్ మీదే ఆవరణలో పెట్టుకోనిస్తాయి. అక్కడి నుంచి ర్యాంపు వరకు కొన్ని గజాల దూరమే. దించడానికి కొన్ని చోట్ల వాళ్ళ ట్రాక్టరే ఉంటుంది. ప్రతిసారీ స్తంభం ఎత్తి దించే పని కూడా తప్పుతుంది. నీళ్ళలో స్లిప్ (పడవను కట్టి ఉంచే చోటు) అద్దెకు తీసుకోవడం కంటే ఖర్చు తక్కువ, పైగా పడవ అడుగు పొడిగా ఉంటుంది.

ఏటిగట్టు · అట్లాంటా

ఫైబర్‌గ్లాస్ నిర్మాణాలు నా వృత్తికి సంబంధించినవి కాబట్టి పడవను చూసేటప్పుడు డెక్‌ను (పడవ పై తలాన్ని) ఎలా పరీక్షించాలో చెబుతాను. ఈ కాలపు పడవల్లో డెక్ ఒకే పలక కాదు. పైన ఫైబర్‌గ్లాస్, కింద ఫైబర్‌గ్లాస్, మధ్యలో ప్లైవుడ్ లేదా బాల్సా చెక్క ఉంటుంది. డెక్‌కు బిగించిన ప్రతి బోల్టూ ఆ చెక్కలోంచి పోతుంది. బోల్టు చుట్టూ పూసిన సీలెంట్ ఇరవై ముప్పై ఏళ్ళకు ఎండి పగిలితే నీరు లోపలికి దిగి చెక్కను కుళ్ళబెడుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల బలం పోయి ఉంటుంది.

పెద్ద స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకువెళ్ళి దాని ప్లాస్టిక్ పిడితో డెక్ మీద అంగుళం అంగుళం దూరంలో తేలికగా కొడుతూ రండి. సంతలో కుండను వేలితో కొట్టి చూసి కొన్నట్టే ఇదీను. గట్టిగా ఉన్న చోట ఖణేల్‌మనే శబ్దం, కుళ్ళిన చోట బొదబొదలాడే మంద్రమైన శబ్దం వస్తుంది. శబ్దం మారిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ పోతే ఎంత మేర చెడిందో గీత గీసినట్టు బయటపడుతుంది. తర్వాత చెప్పులు విడిచి దాని మీద నడవండి. పాదం కింద డెక్ కుంగితే సంగతి తీవ్రమైనదే. ముఖ్యంగా రెయిలింగ్ స్తంభాల అడుగులు, తీగలను డెక్‌కు పట్టి ఉంచే చెయిన్‌ప్లేట్లు, తెరచాప స్తంభం నిలబడే చోటు, ఈ మూడింటి చుట్టూ తప్పకుండా చూడాలి. స్తంభం కింద డెక్ పళ్ళెంలా గుంట పడి ఉంటే, లోపల ఆ బరువును మోసే ఆధారం కూడా చెడి ఉండవచ్చు.

తీగల విషయంలో, మెత్తని గుడ్డతో ఒక్కొక్క తీగను పైనుంచి కిందికి తుడవండి. ఒక్క పోగు తెగి ఉన్నా గుడ్డకు తగులుకుంటుంది. కొసల్లో తీగను నొక్కి బిగించిన గొట్టం లాంటి అమరికలను భూతద్దంతో చూసి వెంట్రుక వాసి పగులు ఉన్నా ఆ తీగను మార్చవలసిందే. తీగ తెగితే స్తంభం పడుతుంది, కింద ఉండేది మీ పిల్లలు.

ట్రైలర్ టైర్లకు పక్క గోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైర్లను నమ్మవద్దు.

గాలివాటు · డాలస్

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ ధన్యవాదాలు. శనివారం వెళ్ళి 1976 పడవను చూశాను. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

పడవ అడుగు, పక్కలు బాగానే ఉన్నాయి, పెద్ద దెబ్బలు కనిపించలేదు. డెక్ మీద ఏటిగట్టు గారు చెప్పినట్టు కొడుతూ వెళితే, కుడివైపు చెయిన్‌ప్లేట్ దగ్గర మొదలైన మంద్ర శబ్దం వెనక్కి మూరెడు పొడవున సాగింది, స్తంభం అడుగున కూడా అదే శబ్దం. క్యాబిన్‌లో ఆ చోటికి సరిగ్గా కింద గోధుమ రంగు చారలు కారి ఎండి ఉన్నాయి. కీల్ వించ్ తిరుగుతోంది గానీ తీగ నారలు నారలుగా విడిపోయి తుప్పు పట్టింది. ఎప్పుడు మార్చారో తెలియదని అమ్మకందారు నిజాయితీగా చెప్పారు. టైర్ల మీద 0911 అని ఉంది, అంటే 2011లో తొమ్మిదవ వారం. మెయిన్‌సెయిల్ (స్తంభం వెనక ఉండే ప్రధాన తెరచాప) కుట్టు దారాన్ని గోటితో గీరితే తెగిపోయింది. మోటారు పని చేస్తుందన్నారు కానీ స్టార్ట్ చేసి చూపలేదు. ధర 1,200కు తగ్గిస్తామంటున్నారు. పని నేర్చుకునే ఉత్సాహం నాకుంది. తీసుకోవచ్చా?

సరంగు · హ్యూస్టన్

వద్దు. స్థూలంగా లెక్క వేద్దాం. తీగల సెట్టు ఐదారు వందలు, కీల్ తీగ, కడ్డీ, ఆధారాలు రెండు మూడు వందలు, టైర్లు, బేరింగులు నాలుగు వందలు, కొత్త మెయిన్‌సెయిల్ వెయ్యికి దగ్గర, నమ్మదగిన పాత మోటారు ఎనిమిది వందలు. డెక్ మరమ్మతు సామగ్రిని ఇంకా కలపనేలేదు. పడవ ఉచితంగా ఇచ్చినా మీ ఐదు వేలలో చాలా భాగం కరిగిపోతుంది. అంతకన్నా విలువైనది, ఒక సీజన్ మొత్తం సరస్సు మీద కాకుండా ఇంటి ముందు ఇసుక కాగితంతో గడిచిపోతుంది.

ఏటిగట్టు · అట్లాంటా

సరంగు గారితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, డెక్ కుళ్ళు అంటే పడవ పనికిరానిదని ఎవరూ అనుకోకూడదు. పై పొరను కోసి ఎత్తి, తడిసిన చెక్కను తీసేసి, కొత్త చెక్కను ఎపాక్సీతో (గట్టిపడే రెసిన్ జిగురుతో) అతికించి, పై పొరను తిరిగి పరచడం ఓపిక ఉన్నవారు చేసుకోగలిగిన పనే. తొందర లేని మనిషికి, కప్పు ఉన్న చోటు దొరికిన మనిషికి 1,200 డాలర్ల ఆ పడవ మంచి ఎంపిక కావచ్చు. స్తంభం కింద డెక్ కూడా చెడింది కాబట్టి గాలివాటు గారి విషయంలో మాత్రం నేనూ వద్దనే అంటాను. అక్కడ మరమ్మతు సగంలో ఆపి సరస్సుకు వెళ్ళడం కుదరదు.

సాగరతీరం · హైదరాబాద్

పెద్దల చర్చలో పిల్లల గురించి ఒక మాట. హుస్సేన్ సాగర్‌లో మా అమ్మాయి నేర్చుకున్నది ఆప్టిమిస్ట్ మీద. క్లార్క్ మిల్స్ 1947లో ఫ్లోరిడాలో రూపొందించిన, ఎనిమిది అడుగులకు కాస్త తక్కువ పొడవున్న పడవ అది, ఒక్క చాప, ఒక్క పిల్ల. తల్లిదండ్రుల పెద్ద పడవలో పిల్లలు ప్రయాణికులుగానే మిగిలిపోతారు. చుక్కాని, తాడు రెండూ తన చేతిలోనే ఉన్నప్పుడు వచ్చే ధైర్యం వేరు. కాబట్టి ఏ పడవ కొన్నా, మీ అబ్బాయిని సన్‌ఫిష్ శిబిరం మాన్పించకండి. చుక్కాని గారు చెప్పిన శిక్షణ అక్కడ దొరుకుతుంది, నీలివల గారు చెప్పిన నీడ పెద్ద పడవలో దొరుకుతుంది.

గాలివాటు · డాలస్

మరో సమాచారం. రే హబ్బర్డ్ సరస్సు దగ్గర ఒక క్లబ్బు ఆవరణలో, స్తంభం నిలబెట్టి ట్రైలర్ మీద ఉంచిన 1984 కాటలీనా 22 దొరికింది. ఇది కూడా కీల్ లేచే రకమే. యజమాని వయసు పైబడి అమ్ముతున్నారు. తీగలు మూడేళ్ళ కిందట మార్చిన రసీదు, కీల్ తీగ మార్చిన రసీదు రెండూ చూపించారు. మెయిన్‌సెయిల్ మెత్తబడింది గానీ కుట్లు గట్టిగా ఉన్నాయి. డెక్ అంతా కొట్టి చూశాను, ఎడమవైపు ఒక రెయిలింగ్ స్తంభం అడుగున అరచేయంత మేర తప్ప అంతటా ఖణేల్‌మంటోంది. ఐదు హార్స్‌పవర్ మోటారు నా ఎదుటే రెండవసారి తాడు లాగగానే స్టార్టయింది. 3,400 అడిగారు, 3,000కు ఒప్పుకున్నారు. క్లబ్బులో ట్రాక్టరు ఉంది కాబట్టి మా మినీవ్యాన్‌తో పని లేదు. ఆవరణ అద్దె నెలనెలా ఇంటి ఖర్చులో పడుతుంది.

నా భార్య కూడా చూసి, క్యాబిన్‌లో పిల్లలను పడుకోబెట్టి కొలిచి, ఇదే తీసుకుందామంది. బయానా ఇచ్చాం. ఇక మిగిలింది రెండు వేలు. దేనికి ముందు ఖర్చు పెట్టాలి? జిబ్‌కు (ముందు వైపు చిన్న తెరచాపకు) రోలర్ ఫర్లింగ్, అంటే తాడు లాగి చాపను చుట్టేసే అమరిక, పెట్టించుకోమని ఒక మిత్రుడు అంటున్నాడు.

సరంగు · హ్యూస్టన్

అభినందనలు. మూడు వేలకు ఆ స్థితిలో ఉన్న పడవ దొరకడం మంచి బేరం. బయానా ఇచ్చినా ఒక పని మిగిలింది. టెక్సాస్‌లో పడవకు ఒక టైటిల్ (యాజమాన్య పత్రం), ఔట్‌బోర్డ్ మోటారుకు విడిగా మరో టైటిల్ ఉంటాయి. రెండూ అమ్మకందారు పేరు మీదే ఉన్నాయో లేదో, పడవ వెనక పలక మీద కుడివైపు చెక్కిన పన్నెండు అక్షరాల సంఖ్య కాగితంలోని దానితో కలుస్తోందో లేదో చూసుకున్న తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి. ట్రైలర్ కాగితాలు వేరు, అవి కారుకు మార్పించుకున్నట్టే కౌంటీ కార్యాలయంలో మార్పించుకోవాలి. పడవ, మోటారు మీద 6.25 శాతం అమ్మకపు పన్ను ఉంటుంది, దాన్ని బడ్జెట్‌లో కలుపుకోండి.

ఫర్లింగ్ ఇప్పుడు వద్దు. సౌకర్యమైనదే, కాదనను, కానీ మీ మిగిలిన డబ్బులో పెద్ద వాటా అది తినేస్తుంది. అదే పనికి చవకైన దారి ఉంది. జిబ్ పై కొసకు ఒక సన్నని తాడు కట్టి, దాన్ని ముందు తీగ వెంట కిందికి దింపి, డెక్ మీద ఒక చిన్న కప్పీ గుండా కాక్‌పిట్ (కూర్చుని పడవను నడిపే చోటు) వరకు తీసుకురండి. హాలియార్డ్ (చాపను పైకెత్తే తాడు) వదిలి ఈ తాడు లాగితే ఎవరూ ముందుకు వెళ్ళకుండానే చాప డెక్ మీదికి దిగుతుంది.

నా లెక్కలో మొదటి ఖర్చు మెయిన్‌సెయిల్ రీఫింగ్, అంటే గాలి పెరిగినప్పుడు చాపను కుదించే ఏర్పాటు. ఉత్తర టెక్సాస్‌లో వసంతకాలపు గాలి గంటలోపే పది నాట్ల (గంటకు పది నాటికల్ మైళ్ళ) నుంచి ఇరవైకి పెరుగుతుంది. అప్పుడు చాపను కుదించుకోలేని పడవ కుటుంబానికి భయం పుట్టిస్తుంది. మీ చాపకు రీఫ్ కన్నాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే తెరచాపలు కుట్టేవారు ఒక వరస వేసి ఇస్తారు. ముందు కన్నానికి, వెనక కన్నానికి విడివిడిగా తాళ్ళు అమర్చి, రెండూ హాలియార్డ్ ఉన్న చోటనే చేతికి అందేలా చేసుకోండి. ఒడ్డున పడవ కదలకుండా ఉన్నప్పుడు మీరిద్దరూ చెరొకసారి చేసి చూడండి. అలల నెత్తిన తెల్లని నురుగు అక్కడక్కడా కనిపించడం మొదలవగానే చాప కుదించాలి. జెనోవా (జిబ్ కంటే పెద్ద ముందు చాప) ఉంటే దాన్ని వేసవికి దాచి, వసంతంలో చిన్న జిబ్ వాడండి.

మోటారు మార్చనవసరం లేదు. ఈ పడవ నీటిగీత పొడవు 19 అడుగుల 4 అంగుళాలు. దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆరు నాట్లకు కొంచెం తక్కువ వస్తుంది. అంతకు మించి ఎంత పెద్ద మోటారు పెట్టినా ఈ పడవ పోదు, ఐదు హార్స్‌పవర్ ఆ వేగానికి చాలు. మోటారు నీటి పంపులో నీటిని తోసే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, మార్చండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు కార్బురేటర్‌లో వారాల తరబడి నిలవ ఉండనీయకండి.

నీలివల · మిచిగన్

నా జాబితా చిన్నది. నలుగురికీ సరిగ్గా సరిపోయే లైఫ్‌జాకెట్లు కొత్తవి కొనండి, పడవతో వచ్చిన పాత నారింజ రంగువి వద్దు. టెక్సాస్ చట్టం ప్రకారం 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంత సేపూ పదమూడేళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి, కాబట్టి మీ పిల్లలిద్దరికీ అది తప్పనిసరి. జాకెట్ ఇబ్బందిగా ఉంటే రోజంతా పేచీ పెడతారు. దుకాణానికి తీసుకువెళ్ళి తొడిగి, చేతులు పైకెత్తమని భుజాల దగ్గర పట్టి లాగి చూడండి, గడ్డం దాటి పైకి రాకూడదు. పదహారు అడుగులు దాటిన పడవలో నీళ్ళలోకి విసిరే తేలుడు దిండు కూడా ఒకటి ఉండాలి. అగ్నిమాపక సిలిండర్ అడుగున తయారైన సంవత్సరం చూడండి. ఒకసారి వాడి పారేసే రకం పన్నెండేళ్ళు దాటితే చెల్లదు.

నీడ కోసం ఖరీదైన బిమినీ (మడిచే గుడ్డ పందిరి) అవసరం లేదు. లంగరు వేసి ఉన్నప్పుడు బూమ్ (మెయిన్‌సెయిల్ అడుగున ఉండే అడ్డ కర్ర) మీదుగా తెల్లని గుడ్డ పరచి రెండు వైపులా రెయిలింగ్‌కు కడితే కాక్‌పిట్ అంతా నీడే. వేసవిలో ఉదయం ఏడింటికి బయలుదేరి పదకొండుకు ఒడ్డుకు రండి. మీ ప్రాంతంలో అసలైన సీజన్ సెప్టెంబరు చివర మొదలవుతుంది.

చుక్కాని · సౌతాంప్టన్

మీ ఎంపికను గౌరవిస్తున్నాను, నీలివల గారి ఎండ వాదన సబబే. రెండు విషయాలు చెబుతాను. నీళ్ళలో పడిన మనిషి ఈ పడవ ఎత్తు మీదికి చేతుల బలంతో ఎక్కలేడు. వెనక పలకకు మడత నిచ్చెన లేకపోతే మొదట అది బిగించండి, నీళ్ళలో ఉన్నవారే దాన్ని కిందికి లాగుకోగలగాలి. తేలుడు దిండును నీళ్ళలో వేసి, తెరచాపలతోనే తిరిగి వచ్చి దాని పక్కన పడవను ఆపడం మీరు, మీ శ్రీమతి ఇద్దరూ విడివిడిగా సాధన చేయండి. మీరే నీళ్ళలో పడితే ఆమె ఒక్కరే పడవను తిప్పుకురావాలి.

ఇంకొకటి. స్తంభం ఎప్పుడైనా దించి ఎత్తవలసి వస్తే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. పాతిక అడుగుల అల్యూమినియం స్తంభాన్ని నిలబెట్టుకుని ట్రైలర్‌ను కదిపే ఆవరణలో ప్రతిసారీ చూడవలసిన విషయం ఇదే.

ఏటిగట్టు · అట్లాంటా

ఎడమవైపు రెయిలింగ్ స్తంభం దగ్గర అరచేయంత మేర అన్నారు. దాన్ని ఈ సంవత్సరమే చేసుకోండి, పెరగనీయవద్దు. స్తంభాన్ని విప్పి, పై పొరకు తాకకుండా, బోల్టు కన్నాల్లోంచి వంచిన మేకును డ్రిల్‌కు బిగించి తిప్పితే చుట్టూ కుళ్ళిన చెక్క పొడిగా రాలి బయటికి వస్తుంది. లోపలంతా ఎండే దాకా, అవసరమైతే వారం పది రోజులు, దాన్ని కప్పు కింద వదిలేయండి. తడి మీద ఎపాక్సీ పట్టదు. తర్వాత కింద వైపు టేపుతో మూసి, చిక్కబరచిన ఎపాక్సీని సిరంజితో నింపండి. గట్టిపడ్డాక దాని మధ్యలో కొత్తగా కన్నం వేస్తే, ఇక బోల్టు చుట్టూ చెక్కకు బదులు ఎపాక్సీ ఉంటుంది. సీలెంట్ ఎప్పుడైనా కారినా నీరు చెక్కను చేరదు. కన్నం అంచును పైన కొంచెం గరాటులా ఏటవాలుగా చెక్కి, బోల్టు మెడ చుట్టూ బ్యూటైల్ టేపు (మెత్తని జిగట టేపు) చుట్టి, కొద్దికొద్దిగా రెండు మూడు రోజుల పాటు బిగిస్తూ రండి. పక్కలకు పొంగి వచ్చినదాన్ని కోసేయండి. శాశ్వతంగా అంటుకుపోయే పాలీయురేథేన్ జిగురు మాత్రం ఇక్కడ వాడవద్దు. మళ్ళీ విప్పేటప్పుడు డెక్ పొర ఊడి దానితో వస్తుంది.

ఇది అయ్యాక మిగతా రెయిలింగ్ స్తంభాలను కూడా ఏడాదికి రెండు చొప్పున ఇదే పద్ధతిలో తిరిగి బిగించుకుంటూ పోండి. అవి కూడా నలభై ఏళ్ళ నాటివే.

గాలివాటు · డాలస్

పడవ, మోటారు టైటిళ్ళు రెండూ సరిచూసుకుని మిగతా డబ్బు ఇచ్చాం. సంఖ్యలు కలిశాయి. మెయిన్‌సెయిల్‌కు ఒక వరస రీఫ్ కన్నాలు ముందే ఉన్నాయి, తాళ్ళే లేవు. ఎనిమిది మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు కొని సరంగు గారు చెప్పిన చోటికి తెచ్చి బిగించాను. నా భార్య ట్రైలర్ మీదనే నాకంటే త్వరగా చాప కుదించడం నేర్చుకుంది. ఇంపెల్లర్, లైఫ్‌జాకెట్లు, నిచ్చెన కొన్నాం. ఎనిమిది పౌండ్ల డాన్‌ఫోర్త్ లంగరు, దానికి పదిహేను అడుగుల గొలుసు పాత యజమానే ఇచ్చారు. రెయిలింగ్ స్తంభం విప్పి కన్నాలు ఆరబెట్టాను, వచ్చే వారం ఎపాక్సీ.

ఒక్క సందేహం మిగిలింది. ట్రైలర్ మీద పడవ ఉన్నంత కాలం కీల్‌ను వించ్‌తో పైకి బిగించి ఉంచాలా, దించి ఉంచాలా?

సరంగు · హ్యూస్టన్

దించి ఉంచండి. ట్రైలర్ మధ్యలో కీల్ ఆనడానికి ఒక చెక్క దిమ్మె ఉంటుంది. బరువంతా దాని మీద ఆనే వరకు వించ్‌ను వదిలి, తీగ కొంచెం వదులుగా ఉండేలా చూడండి, అప్పుడు తీగ మీద, కడ్డీ మీద భారం ఉండదు. నీళ్ళలోకి దించే ముందు మాత్రం దాన్ని పూర్తిగా పైకి లేపి, ర్యాంపు దాటి లోతుకు చేరిన తర్వాత నిదానంగా దించండి. వించ్ పిడిని చివరి వరకు చేతిలోనే పట్టుకుని ఉండాలి, మధ్యలో వదలకూడదు. ఆ పని పెద్దవాళ్ళే చేయాలి.